నా పేరు మీద నడిచిన యాదమ్మ

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం చెప్పను. అమ్మ మీద ఒట్టు వేయమంటారేమో, వేయను. ఆమెకు బీపీ ఉంది. నా మీదే వేసుకుంటున్నాను. ఇది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు, ఫోన్లో చుట్టూ తిరిగి వచ్చింది కాదు. నా కుర్చీలో నేను కూర్చుని ఉండగా, నా కళ్ళతో చూశాను. చూశాను అనాలో... విన్నాను అనాలో... సరే, మొదటి నుంచి చెప్తాను.

హైటెక్ సిటీలో నేను చేసే పని ఏంటో మీలో సగం మందికి తెలీదు. మా ప్రొద్దుటూరులో అమ్మ అందరికీ "మా భార్గవి కెమెరాల కంపెనీలో ఉంది" అని చెప్పుకుంటుంది. పెళ్ళి ఫోటోలు తీస్తాననుకుంటున్నారు సగం వీధి. మాది మనిషిని మొహం చూడకుండా గుర్తుపట్టే పని. నడకను బట్టి. ఎత్తు, భుజాల వాలు, చేతులు ఊపే తీరు, అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం... ఇవన్నీ కెమెరా కొలుస్తుంది. కొలిచి, ఇది ఫలానా మనిషి అని పేరు చెప్తుంది. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్ళకోసం చేస్తున్నాం. అక్కడ లోపలికి వెళ్ళేవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూట్లు వేసుకుంటారు. అందరూ ఒకేలా ఉంటారు. మరి లోపలికి ఎవరు వెళ్ళారో తెలియాలి కదా.

ముందు మా ఆఫీసులోనే పెట్టి చూసుకోవాలన్నారు. మా ఫ్లోర్‌లో అయిదు కెమెరాలు బిగించారు. ప్రతి ఒక్కరూ కారిడార్‌లో పన్నెండు రౌండ్లు నడవాలి. బ్యాగుతో, బ్యాగు లేకుండా, చేతిలో కప్పు పట్టుకుని, ఫోన్ చూసుకుంటూ. ఆ నడక మన పేరు మీద ఎక్కుతుంది. ఇక జన్మంతా ఆ నడకే మనం.

సరిగ్గా ఆ వారమే నేను స్కూటీ మీంచి పడ్డాను. కాలి బొటనవేలు వాచిపోయింది. కుంటుతున్నాను. కుంటుకుంటూ నడిస్తే కుంటి నడకే నా పేరు మీద ఉండిపోతుంది. మా టీమ్ లీడ్ ప్రదీప్ భీమవరం మనిషి, మెత్తగా మాట్లాడతాడు కానీ పనిలో వదలడు. "సాయంత్రంలోపు అయిపోవాలండి భార్గవిగారూ. మీరొక్కరే మిగిలారు" అని నాలుగుసార్లు వచ్చి చెప్పి వెళ్ళాడు.

అప్పుడు చేశాను ఆ తప్పు. కాలేజీలో ప్రాక్సీ వేయించుకున్న బుద్ధి ఎక్కడికి పోతుంది.

మా ఫ్లోర్ తుడిచే యాదమ్మక్క మాప్ పట్టుకుని పక్కనే ఉంది. యాదమ్మక్క గురించి మీకు చెప్పాలి. చేవెళ్ల దిక్కు మనిషి. యాభై దాటాయి. ఏళ్ళ తరబడి బకెట్ మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. ఎడమచేతి రెండు వేళ్ళతో చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని నడుస్తుంది. ఎడమ పాదం బయటికి తిరిగి ఉంటుంది. నడుస్తూ నడుస్తూ, మనం లేచిపోయాక బయటికి లాగి వదిలేసిన కుర్చీలుంటాయి కదా, వాటిని తుంటితో ఒక్క తోపు తోస్తుంది. చేతులు ఖాళీ ఉండవు మరి. గర్ర్... టక్. కుర్చీ వెళ్ళి బల్లకు తగులుతుంది. ఆమె ఆగదు.

నేను హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఒకరోజు వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఎందుకో చెప్పను, పెద్ద కారణం కాదు. అరగంట ఏడ్చి బయటికొస్తే యాదమ్మక్క తలుపు ముందు నేల తుడుస్తోంది. ఆ అరగంటా అదే చోట తుడుస్తూ నిలబడిందట, ఎవర్నీ లోపలికి పోనివ్వకుండా. ఏమీ అడగలేదు. "మొఖం కడుక్కో బిడ్డా" అంది. మర్నాడు పేపర్లో చుట్టి సర్వపిండి తెచ్చి నా కీబోర్డ్ పక్కన పెట్టింది. అప్పట్నుంచీ ఆమె అంటే నాకు ప్రాణం. ఆమెకు డబుల్ డ్యూటీ పడిన రోజు నేను రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటే వచ్చి నా కుర్చీ వెనక నిలబడుతుంది. "ఇగ ఇంటికి పో బిడ్డా" అంటుంది. పోయేదాకా కదలదు.

"అక్కా, నా బదులు నువ్వు నడుస్తావా?" అని అడిగాను.

"ఏడికి?"

"ఎక్కడికీ కాదు. ఆ చివరిదాకా పోయి రావడమే. పన్నెండుసార్లు."

"గింతేనా. దినాం నూరుసార్లు నడుస్త." నా ఐడీ కార్డు మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. "నీ లెక్క నడవాల్నా, నా లెక్క నడవాల్నా?"

"నీలాగే నడువక్కా."

నడిచింది. ఠీవిగా నడిచింది. రిజిస్టర్లో నా పేరు పక్కన పూర్తయింది అని పడింది.

ఆ రోజునుంచి యాదమ్మక్క ఎటు వెళ్తే అటు గోడమీది స్క్రీన్‌లో "భార్గవి" అని వచ్చేది. నేను వెళ్తే "గుర్తు తెలియని వ్యక్తి." ఇద్దరం చూసుకుని చాటుగా నవ్వుకునేవాళ్ళం. పొద్దున ఆరింటికే ఆమె పనిలో దిగుతుంది కాబట్టి, ఆరింటికే ఆఫీసుకొచ్చే పిల్లనని నాకు పేరు కూడా వచ్చింది. దాన్ని నేను ఖండించలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది... 

ఒక ఆదివారం యాదమ్మక్క వాళ్ళ బిల్డింగ్ మెట్ల మీద జారింది. తడి మెట్లు. తుంటి ఎముక విరిగింది. మంగళవారం సాయంత్రం దవాఖానకు వెళ్ళాను. కూతురు స్వప్న పక్కనే ఉంది. మర్నాడు ఆపరేషన్. షుగర్ ఉంది, వయసు ఉంది, ఏం జరిగేదీ ముందే చెప్పలేం అన్నారట డాక్టర్లు. బతికి బయటపడ్డా పాత నడక రాదు అని మాత్రం ఖాయంగా చెప్పారట.

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి అంత మెత్తగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు, రెండు రోజులు నీళ్ళు తగలకపోతే అలా అయిపోయింది.

"సచ్చిపోతే పోత, గదానికి ఫికర్ లేదు బిడ్డా. గని నడవకుండ మంచంల కూసోబెడితే నాతోని కాదు. నాకు కూసోని తినుడు రాదు."

నడుస్తావులే అక్కా అన్నాను. నాకే నమ్మకం లేదు. బయటికొచ్చి ఆటోలో ఏడ్చాను.

బుధవారం. మర్నాడు పొద్దున్నే జీడిమెట్లకు వెళ్ళి కెమెరాలు బిగించాలి. ఆ రాత్రి ఆఫీసులో నేనూ ప్రదీప్ మాత్రమే మిగిలాం. ఎనిమిదింటికి స్వప్న ఫోన్ చేసింది. ఆపరేషన్ అయింది, కానీ ఊపిరి సరిగ్గా అందట్లేదని ఐసీయూలో పెట్టారు అంది. తెలివి రాలేదంది. నేను పని చేస్తున్నానే గానీ మనసంతా అక్కడే ఉంది.

ఒకటిన్నర దాటింది. ప్రదీప్ లేచి, "కిందికెళ్ళి ఏదైనా తిని వస్తానండి. మీకేమైనా తేనా?" అన్నాడు. వద్దన్నాను. వెళ్ళిపోయాడు.

మా ఫ్లోర్‌లో లైట్లు మనుషుల కదలికను బట్టి వెలుగుతాయి. ఎవరూ కదలకపోతే పది నిమిషాల్లో వరసగా ఆరిపోతాయి. ఒక్కో వరసా ఆరిపోయింది... చివరికి నా బల్ల మీద లైటు ఒక్కటే మిగిలింది. ఏసీ చప్పుడు. కింద రోడ్డు మీద ఎప్పుడో ఒక క్యాబ్. అంతే.

గోడమీది స్క్రీన్‌లో ఒక పేరు పడింది.

భార్గవి. కెమెరా ఒకటి.

కెమెరా ఒకటి తలుపు దగ్గర. నేను కదల్లేదు. కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉన్నాను.

నిజం చెప్తున్నా... మొదటి క్షణం నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. అక్క వచ్చేసింది అనుకున్నాను. అలవాటు. ఆ పేరు పడితే అక్క అని అర్థం. తర్వాత క్షణంలో గుర్తొచ్చింది అక్క ఎక్కడుందో.

భార్గవి. కెమెరా రెండు.

ఆ కెమెరాలు చీకట్లోనూ చూస్తాయి. రెండో కెమెరా ముందు ఏముందో తెరిచి చూశాను. కారిడార్. చివర మెట్ల దారి చూపించే పచ్చలైటు. ఎవరూ లేరు. మా సిస్టమ్ మనిషి బొమ్మ దాచుకోదు, ఆకారం మాత్రం దాచుకుంటుంది. నల్లటి దాని మీద తెల్లగా, నీడను తిరగేసినట్టు. అది తెరిచాను.

అందులో ఉంది.

కుడి భుజం కిందికి జారి ఉంది. ఎడమచెయ్యి నడుము దగ్గర, రెండు వేళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని. ఎడమ పాదం బయటికి. నడుస్తోంది. తొందరేమీ లేదు. రోజూ నడిచినట్టే...

భార్గవి. కెమెరా మూడు.

మూడోది మా వరస మొదట్లో ఉంటుంది. నేను వెనక్కి తిరగలేదు. ఎందుకు తిరగలేదని అడక్కండి. మీరైతే తిరిగేవాళ్ళేమో. నాకు మెడ కదల్లేదు.

అప్పుడు వినబడింది.

గర్ర్... టక్.

మా వరసలో ఆరు కుర్చీలు. నాది ఆఖరిది. అయిదుగురూ వెళ్ళేటప్పుడు కుర్చీలు ఎక్కడివక్కడ వదిలేసి వెళ్ళారు, రోజూ అంతే.

గర్ర్... టక్.

రెండు. మధ్యలో చెప్పుల చప్పుడు లేదు. గాజుల చప్పుడు లేదు. కుర్చీలు మాత్రమే. మధ్యలో సరిగ్గా రెండడుగులు వేసేంత ఎడం...

గర్ర్... టక్.

గర్ర్... టక్.

నా పక్క కుర్చీ మంజుది. దానికొక చక్రం సరిగ్గా తిరగదు. అది కీచుమంటుంది. కీచుమంది. కంటి చివర్న కనబడింది నాకు, ఆ కుర్చీ మెల్లగా బల్ల కిందికి వెళ్ళడం. నల్ల కుర్చీ. వీపు మీద మంజు చున్నీ వేలాడుతోంది. చున్నీ ఊగింది... ఆగింది.

ఇక మిగిలింది నాది. నా కుర్చీలో నేనున్నాను. తోయడానికి లేదు.

స్క్రీన్ మీద కొత్త పేరేమీ పడలేదు. అంటే కదలట్లేదు. నిలబడి ఉంది. నా వెనక. ఎంతసేపో నాకు తెలీదు. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది. చేతులు కీబోర్డ్ మీదే ఉన్నాయి, ఏదో ఒక అక్షరం నొక్కుకుపోయి తెరంతా అదే అక్షరం పడుతూ పోతోంది...

నా కుర్చీ కదిలింది.

వేలెడంత. ముందుకి. గట్టిగా కాదు. పసిపాప పడుకున్న ఉయ్యాలను ఒక్కసారి ముట్టుకున్నట్టు.

నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "పోతున్నా అక్కా... అయిపోయింది... పోతున్నా."

భార్గవి. కెమెరా మూడు. కాసేపటికి, కెమెరా రెండు. తర్వాత, కెమెరా ఒకటి. అంతే. ఇంకేమీ పడలేదు.

ఫోన్ తీసుకుని స్వప్నకు చేశాను. రెండుసార్లు వేరేవాళ్ళకు కలిసింది. ఎత్తగానే నేను అడగక ముందే ఏడుస్తూ మాట్లాడింది.

"అక్కా, అమ్మకు గిప్పుడే తెలివొచ్చింది. నీళ్ళడిగింది."

నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను.

"ఏమైందో తెలుస్తలేదక్కా. ఇంతకు ముందు దాక కాళ్ళు ఒకటే ఆడిస్తున్నది. దుప్పట్ల. నడుస్తున్నట్టు. కట్లు ఊడుతయని నర్సు, నేను చెరో కాలు పట్టుకున్నం. అయినా ఆగలే. ఇగ దానంతటదే ఆగింది. కండ్లు తెరిచింది."

"ఎంతసేపు ఆడించింది స్వప్నా?"

"ఏమో అక్కా... నాలుగైదు నిమిషాలు."

తలుపు తెరుచుకుంది. ప్రదీప్. చేతిలో పార్సిల్. వద్దన్నా తెచ్చాడు. ఆయన అడుగు పెట్టగానే లైట్లన్నీ వరసగా వెలిగాయి. అప్పుడు నాకు తట్టింది. అది నడిచినంతసేపూ... ఒక్క లైటు కూడా వెలగలేదు.

నేను నేల మీద కూర్చుని ఉండటం చూసి ఆయన కంగారుపడ్డాడు. అంతా చెప్పేశాను. నడక మార్పిడితో సహా. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను. ఆయన పక్కనే కూర్చుని మంచినీళ్ళిచ్చి, మెత్తగా అన్నాడు.

"నడక మీది కాదని నాకు ఎప్పుడో తెలుసండి. ఆరింటికి వచ్చారని లాగ్ చెప్తుంది. మీరేమో పదింటికి కళ్ళు నులుముకుంటూ వస్తారు. పైకి చెబితే మీకు మెమో ఇచ్చి వదిలేస్తారు, యాదమ్మగారిని మాత్రం తీసేస్తారు. అందుకని ఊరుకున్నానండి."

ఆ మనిషి మీద నాకున్న కోపమంతా ఆ రాత్రి పోయింది.

కారణాలు కూడా ఆయనే వెతికాడు. పాత రికార్డింగ్ ఏదో మళ్ళీ నడిచి ఉంటుందన్నాడు. టెస్టింగ్‌లో అలా అవుతుంది, నిజమే. కానీ ఆ పన్నెండు రౌండ్లూ కారిడార్‌లోవి. అక్కడ కుర్చీలు లేవు. రాత్రి దాచిన ఆకారంలో అయిదుచోట్ల నడుము పక్కకి వాలుతుంది. ఆయన అది మూడుసార్లు చూశాడు. నా వరసలోని కుర్చీలు చూశాడు. సెక్యూరిటీ వాళ్ళకు ఫోన్ చేశాడు, పైకి ఎవరూ రాలేదన్నారు. చివరికి, "కుర్చీల సంగతి నాకు తెలీదండి. అన్నం తినండి ముందు" అన్నాడు.

మత్తు దిగేటప్పుడు కాళ్ళు అలా ఆడతాయని డాక్టర్ చెప్పారట. అదీ నిజమే అయి ఉండొచ్చు.

నాలుగు నెలల తర్వాత యాదమ్మక్క పనికొచ్చింది. చేతికర్రతో. తుడిచే పని ఇవ్వలేదు, ప్యాంట్రీలో స్టూల్ వేసి టీ పనికి కూర్చోబెట్టారు. అందుకు ప్రదీప్ ఎవరెవరితో మాట్లాడాడో నాకు తెలుసు. మొదటి రోజు కర్ర ఆనించుకుంటూ కారిడార్‌లో వచ్చింది. గోడమీద "గుర్తు తెలియని వ్యక్తి" అని పడింది. ఆమెకు చదవడం రాదు. అయినా ఎప్పుడూ పడే అక్షరాలు కావని తెలుసు.

"నన్ను గుర్తువడ్తలేదా అది?"

లేదక్కా అని చెప్పాను. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని చెప్పాను. ఆమె స్క్రీన్‌నే చూస్తూ, "గట్లనా" అంది.

కానీ పాత నడక ఆగలేదు. వారానికోసారి, పది రోజులకోసారి, పొద్దున్నే లాగ్ తెరిస్తే ఉంటుంది. రాత్రి రెండింటికో మూడింటికో... కెమెరా ఒకటి, రెండు, మూడు. ఆ టైమ్‌లో ఆమె ఇంట్లో పడుకుని ఉంటుంది. తప్పుడు రికార్డులన్నీ తీసేయాలి, మీ నడక కొత్తగా ఎక్కించుకోవాలి అని ప్రదీప్ చెప్పాడు. న్యాయమే. నేనే తీసేయాలి. మౌస్ మీద చెయ్యి పెట్టి కూర్చుని తీసేయలేకపోయాను. తీసేస్తే ఆమె వచ్చినా ఇక ఎవరికీ తెలీదు కదా.

అందుకని ఆమెనే అడిగాను. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పాను. ఆ రాత్రి ఆకారం చూపించాను. భయపడుతుందనుకున్నాను. ఆమె తెరకు దగ్గరగా వంగింది. నల్లటి దాని మీద తెల్లటి ఆడమనిషి కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వస్తోంది.

"జర మళ్ళొకసారి పెట్టు."

పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను.

"ఎంత మంచిగ నడుస్తుంటి బిడ్డా..."

తీసేయమంటావా అక్కా అని అడిగాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని అడ్డంగా తలూపింది.

"దాన్నేమనకు. నడవనియ్యి."

తీసేయలేదు. నా పేరు కొట్టేసి అక్కడ యాదమ్మ అని రాశాను. నా పన్నెండు రౌండ్లు నేను వేరేగా నడిచాను.

ఇప్పుడు రోజూ పొద్దున టీ ఇస్తూ మెల్లగా అడుగుతుంది. "రాత్రి నడిచిందా?" నడిచిన రోజు నడిచిందని చెప్తాను. నడవని రోజు కూడా నడిచిందనే చెప్తాను. ఆ మొహం చూస్తూ లేదని ఎట్లా చెప్పను.

మొన్న శుక్రవారం అలాగే చెప్పాను. లాగ్ ఖాళీగా ఉంది. "నడిచిందక్కా, మూడు కెమెరాలూ తిరిగింది" అన్నాను. ఆమె కప్పు నా బల్ల మీద పెట్టి, మోకాలు నిమురుకుంటూ నవ్వింది.

"అబద్ధమెందుకు చెప్తవ్ బిడ్డా. రాత్రి నడవలే. నడిచిన్నాడు పొద్దుగాల నాకు కాళ్ళు గుంజుతయ్."

కర్ర తీసుకుని ప్యాంట్రీలోకి వెళ్ళిపోయింది.